ఆరిళ్ల ఊట

కనిగిరి పక్కన మా ఊళ్లో పద్నాలుగేళ్లు పంచాయతీ పంపు ఆపరేటర్‌గా చేశాను. తెల్లవారి ఐదింటికి ట్యాంకు కింద వాల్వు తిప్పేది నేనే. నేను తిప్పితేనే ఊళ్లో బిందెలు మోగేవి. ఏ వీధికి ఎంతసేపు ఇవ్వాలో, ఏ మలుపులో పైపు పగులుతుందో, ఎవడు కొళాయికి దొంగతనంగా మోటారు తగిలించి పక్కింటి నీళ్లు లాగుతున్నాడో పైపు మీద చెయ్యి పెట్టి చెప్పేవాణ్ని. ఎనిమిదో తరగతి సగంలో బడి మాన్పించి బోరు లారీ ఎక్కించారు నన్ను. ఆ పని లారీ మీద నేర్చుకున్నదే. ఏ పుస్తకంలోనూ లేదు.

ఇక్కడ, ఉత్తర ఐర్లండ్‌లో, ఆ పని ఎవరికీ అక్కర్లేదు. బెల్‌ఫాస్ట్‌కి నలభై నిమిషాల దూరంలో ఒక పుట్టగొడుగుల ఫారంలో ట్రేలు కడుగుతాను. నా భార్య సుగుణకుమారి సిటీ ఆస్పత్రిలో నర్సు. వీసా ఆమెది, కారు ఆమెది. చర్చిలో కొత్తవాళ్లకు నన్ను పరిచయం చేసేటప్పుడు "సిస్టర్ సుగుణ గారి హస్బెండ్" అంటారు. జ్ఞానరాజు అని ఒక పేరుందని ఆరేళ్లలో ఎవరూ అడగలేదు. "ఇండియాలో ఏం చేసేవారు బ్రదర్?" అంటే "వాటర్ డిపార్ట్‌మెంట్" అని సుగుణే చెప్పేస్తుంది. పంపు ఆపరేటర్ అంటే నవ్వుతారని ఆమె భయం.

కిందటేడు సిటీ ఫ్లాట్ వదిలి ఈ కొండ పక్క ఇంటికి మారాం. ఇల్లు గోపాల్‌రావు గారిది. వరంగల్ ఆయన. బెల్‌ఫాస్ట్‌లో ఐటీ కంపెనీలో ఉన్నప్పుడు కొని, ఇప్పుడు లండన్ స్టాన్‌మోర్‌లో స్థిరపడి దీన్ని మాకు అద్దెకిచ్చాడు. "నీళ్లకు ఢోకా లేదు రాజూ, కొండమీద ఊట ఉన్నది మనకు. మినరల్ వాటర్ లెక్క," అన్నాడు తాళాలిచ్చేటప్పుడు. మనకు అంటే ఈ ఇంటికే అనుకున్నాను. ఎందుకు అనుకోను? చుట్టూ గడ్డి, గొర్రెలు తప్ప కనుచూపు మేరలో ఇల్లు లేదు.

ఇంటి వెనక పాలీటన్నెల్, అదే ప్లాస్టిక్ గుడారం, వేసి సుగుణ గోంగూర, బీర పెట్టింది. ఏప్రిల్ నుంచి చినుకు లేదు. మేడమీద కొళాయి సన్నగా వస్తోంది. మా అమ్మాయి జెస్లిన్ తల తుడుచుకుంటూ కిందికొచ్చి, "డాడ్, దిస్ షవర్ ఈజ్ అ జోక్," అంది. మన ఇళ్లలో ఇలాంటప్పుడు ఏం చేస్తామో నేనూ అదే చేశాను. ఒక పాత మోటారు సంపాదించి లోపలికొచ్చే పైపుకే తగిలించాను. వెనక షెడ్డులో వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టాను. టైమర్ తెల్లవారి ఐదింటికి పెట్టాను. ఐదే ఎందుకంటే చెప్పలేను. రోజంతా నీళ్లుండే చోట ఏ వేళకైనా పెట్టుకోవచ్చు. కానీ నీళ్లంటే నా చేతికి తెలిసిన వేళ అదొక్కటే.

మే నెల చివర గోపాల్‌రావు గారు ఫోన్ చేశాడు.

"రాజూ, మంచిగున్నవా? జూన్ పద్నాలుగున వాటర్ గ్రూప్ మీటింగ్ అంట. నేను రాలేను గద. నువ్వు పోయి కూసో."

"గ్రూప్ ఏంది సార్? ఊట మనదన్నారుగా?"

"మనదే. ఆరిళ్లది. అండ్ల మనమొకళ్లం. ఊట ఎండిపోతున్నదంట. ఊట బంద్ చేసి రోడ్డు మీది గవర్నమెంటు లైను, మెయిన్స్, తీసుకుందాం అంటరు. చెయ్యి లేపు. గంతే."

"నేనేం మాట్లాడాలి సార్?"

"నువ్వేం మాట్లాడతవయ్యా! మెయిన్స్ వస్తె ఇంటికి వేల్యూ. నీకు గవన్నీ ఎందుకు, చెయ్యి లేపుడే గద."

ఫోన్ పెట్టేశాక కాసేపు కొళాయి దగ్గర నిలబడ్డాను. ఆరిళ్లు. ఊట ఎండిపోతోంది. మా కొళాయి మాత్రం బాగా వస్తోంది. ఏదో తేడాగా అనిపించింది కానీ తెల్లారే షిఫ్టుందని వెళ్లి పడుకున్నాను.

మర్నాడు పొద్దున ఆరింటికి సైకిల్ మీద బయల్దేరితే, సందులో ఒక ట్రాక్టర్ దారికి అడ్డంగా ఆగి ఉంది. వెనక ట్రాలీ మీద ప్లాస్టిక్ ట్యాంకు. డెబ్బై ఏళ్ల ఆమె ఒకతె వాగులోంచి బకెట్‌తో తోడి అందులో పోస్తోంది. ఆమె పేరు ఐరిస్. మా లైన్లో చిట్టచివరి ఇల్లు ఆమెదే అని అప్పుడే తెలిసింది. భర్త పోయి పదేళ్లు, ఇరవై ఆరు పాడి ఆవులతో ఒంటరిగా నెట్టుకొస్తోంది. నేను సైకిల్ గట్టుకు ఆనించి ఇంకో బకెట్ అందుకున్నాను.

"నువ్వు రావ్ ఇంట్లో ఉండే మనిషివి కదూ? నీ పేరేంటి?" అంది. ఆమె ఇంగ్లీషు సగం అర్థమవుతుంది, సగం ఊహించుకోవాలి. ఇక్కడివాళ్లు ప్రతిదానికీ ముందు ఒక "వీ" తగిలిస్తారు, బుల్లి అన్నట్టు. వీ కప్పు, వీ ఆవు.

"రాజు. ఏమైంది మీ నీళ్లకు?"

"అదే ఎవరికీ తెలీదు. పాలు పిండే వేళకు చుక్క రాదు. ఎనిమిదయ్యేసరికి దగ్గుకుంటూ వస్తుంది. ఇద్దరు వచ్చి చూసి ఊట చచ్చిపోతోందన్నారు. మిగతా వాళ్లు మెయిన్స్ తీసుకుంటారు. నా ఫారం దాకా మెయిన్స్ రాదు. ఊట మూసేస్తే ఆవుల్ని అమ్మేయడమే."

"పొద్దున ఎన్నింటికి ఆగిపోతుంది?"

"ఐదు. గడియారం పెట్టినట్టు ఐదింటికి. మూడు వారాలైంది."

నా చేతిలోంచి బకెట్ వాగులో పడింది. ఆమె నవ్వి, "నీ వీ చేతుల్లో బలం లేదు," అంది.

ఇంకెవరూ నాకు వివరించక్కర్లేదు. ఊట దగ్గర రాతి తొట్టి చిన్నది. నా మోటారు ఒక్కసారిగా లాగితే పావుగంటలో ఖాళీ. పైపు నోరు బయటపడుతుంది, గాలి లోపలికి పోతుంది. ఆ గాలి లైనంతా జారి ఎక్కడో ఎత్తు మీద కూర్చుంటుంది. మధ్య ఇళ్లకు పాతకాలం అటక ట్యాంకులుంటాయి, వాళ్లకు తెలీదు. చివరి ఇంటికి మూడు గంటలు చుక్క రాదు. మా ఊళ్లో ఎన్ని మోటార్లు పీకాను ఇందుకని!

షిఫ్టు మాట మర్చిపోయి ఇంటికొచ్చి ప్లగ్గు లాగేశాను. సుగుణ యూనిఫాం వేసుకుని టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది.

"ఏందయ్యా, షిఫ్టుకు పోలా?"

"చివరింటి ముసలామె ఆవులకు నీళ్లు లేకుండా చేసింది నేనే సుగుణా. మోటారు."

ఆమె డబ్బా మూత పెట్టి నాకేసి చూసింది. "సర్పంచి బావమరిది మోటారు పీకి నడిబజార్లో పెట్టినోడివి నువ్వేనా?"

"నేనే. ఇది ఈ ఇంటి ఊటే అనుకున్నా."

"ఆ మాట నాకెందుకు చెప్తున్నావు? ఆమెకు పోయి చెప్పు."

"గోపాల్‌రావు ఇల్లు ఖాళీ చెయ్యమంటే?"

"చేద్దాం. ఈ దేశం వచ్చాక నాలుగిళ్లు మారాం, ఐదోది మారతాం. నువ్వు మాత్రం నోరు మూసుకుని కూర్చుంటే ఈ ఇంట్లో నీ మొహం నేను చూడలేను." కారు తాళాలు తీసుకుని గుమ్మంలో ఆగింది. "పోయేముందు తిని పో. ఖాళీ కడుపుతో ఒప్పుకుంటే ఏడుపొస్తది."

తినలేకపోయాను. మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమె కాలంలో మావాళ్లు ఊరి బావి గట్టు ఎక్కకూడదు. బిందె కింద పెట్టి, ఎవరో ఒకరు దయ తలిచి తోడిపోసేదాకా ఎండలో నిలబడాలి. ఆమె మనవడు ఊరంతటికీ వాల్వు తిప్పేవాడయ్యాడు. తిప్పిన మొదటిరోజు ఆమె ట్యాంకు దగ్గరికొచ్చి నేను వాల్వు కట్టేసేదాకా కూర్చుంది. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ని నేను, మూడు వారాలు ఇంకో ముసలామెను వాగు దగ్గర నిలబెట్టాను.

మధ్యాహ్నం ఐరిస్ ఫారానికి వెళ్లాను. ఆమె పాలషెడ్డు నేల గీకుతోంది. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పాను. మోటారు నాది. టైమర్ నాది. ఐదు నాది.

ఆమె గీకుడు కర్ర గోడకు ఆనించి, ప్యాంటు మోకాలిదాకా పైకి లాగి చూపించింది. మోకాలు బూరెలా వాచి ఉంది.

"మూడు వారాల బకెట్లు ఇవి. చూశావా?"

"చూశాను."

"నిన్ను ఈ పేడ గుంటలో తోయాలనుంది."

"తోయండి. కానీ ముందు గాలి తీద్దాం. మీ పైపు ఎక్కడ ఎత్తెక్కుతుందో చూపించండి."

ముళ్లకంచె పక్కన ఒక మిట్ట దగ్గరికి తీసుకెళ్లింది. గడ్డి పీకితే పాత ఇనప జాయింటు దొరికింది. స్పానర్ పెట్టి రెండు మరలు వదులు చేశాను. బుస్సుమని గాలి, తర్వాత ఉమ్మినట్టు తుంపర, ఆ తర్వాత గట్టిగా నీళ్లు. జాయింటు బిగించేలోపే కింద షెడ్డులో ఆమె తెరిచి పెట్టిన గొట్టం నేలమీద పాములా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆవులన్నీ ఒక్కసారి తలలు తిప్పాయి.

"చూడ్డానికొచ్చిన ఇద్దరిలో ఒకడు సూటేసుకొచ్చాడు," అంది ఐరిస్. "కంప్యూటర్ కూడా తెచ్చాడు."

"స్పానర్ తెచ్చాడా?"

ఆమె నవ్వలేదు. కానీ, "టీ తాగి పో," అంది. టీ పోస్తూ, "ఈ మాట మీటింగ్‌లో నువ్వే చెప్పాలి. నేను చెప్పను," అంది. సరేనన్నాను.

అయితే మోటారు తీసేస్తే సరిపోదు. ఆ రాతి తొట్టి నా కంటికి నచ్చలేదు. ఎండాకాలం నాలుగిళ్లలో ఒకేసారి స్నానాలు చేసినా మళ్లీ గాలే. మళ్లీ ఐరిస్ ఇంటికే లేదు. అది చూపించి మిగతావాళ్లు ఊట మూసేస్తారు. మూసేయక్కర్లేదని వాళ్లకు కళ్లతో చూపించాలి. పద్నాలుగో తారీకుకు పద్నాలుగు రోజులుంది.

వాటర్ గ్రూప్ సెక్రెటరీ పేరు ట్రెవర్. రెండో ఇల్లు. రిటైరైన హెడ్మాస్టరు. హెడ్మాస్టర్లంటే చిన్నప్పటి నుంచీ నాకు పడదు. ఐరిస్ నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్లి, "ఇతనికి నీళ్ల పని తెలుసు," అంది. ఆయన కళ్లజోడు మీంచి చూసి మర్యాదగానే అడిగాడు.

"మీకు క్వాలిఫికేషన్ ఏమైనా ఉందా, మిస్టర్ రాజు?"

"లేదు. బకెట్ ఉంది."

ముగ్గురం కొండెక్కాం. ఇరవై లీటర్ల బకెట్ ఊట నోటి కింద పెట్టాను. ఆయన ఫోన్లో సెకన్లు చూశాడు. తొంభై. మూడుసార్లు పట్టాం, మూడుసార్లూ తొంభైకి అటూ ఇటూ. నేను గడ్డి మీద కూర్చుని నోటితోనే లెక్క చెప్పాను. తొంభై సెకన్లకు ఇరవై అంటే గంటకు ఎనిమిది వందలు, రోజుకు పంతొమ్మిది వేల చిల్లర. ఆరిళ్లు, ఆవులు, షెడ్డు కడుగుడు, మా గోంగూర, అన్నీ కలిపినా పదివేలు దాటదు.

ట్రెవర్ జేబులోంచి కాగితం తీసి మళ్లీ లెక్కేశాడు. వేసి, కాగితం మడిచాడు.

"కరెక్టే," అన్నాడు. "మరి ఎండిపోయింది ఏమిటి?"

"ఊట ఎండలేదు సార్. రాత్రంతా వచ్చే నీళ్లు నిలబెట్టుకోడానికి మీకు చోటు లేదు. తొట్టి పొర్లి వాగులో పోతోంది. ఒక పెద్ద ట్యాంకు పెడితే చాలు."

ట్యాంకు ఎక్కడ దొరుకుతుంది అనుకుంటుంటే ఐరిస్ గొంతు సవరించుకుంది. ఆమె భర్త ఉన్నప్పుడు అరవై ఆవులుండేవట. అప్పటి పాల ట్యాంకు, మూడువేల లీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలుది, షెడ్డులో కోళ్లు పడుకోవడానికి తప్ప పనికిరాకుండా పడి ఉంది.

అక్కణ్నుంచి పన్నెండు రోజులు పని. నా షిఫ్టు రెండింటికి అయిపోతుంది. ఇక్కడ జూన్లో రాత్రి పదింటిదాకా వెలుతురే. కోళ్లను బతిమాలి బయటికి పంపి ట్యాంకు వేడినీళ్లతో నాలుగుసార్లు తోమాం. ఐరిస్ ట్రాక్టర్ ముందు గొలుసులతో వేలాడదీసుకుని కొండ మీదికి తెచ్చింది. డెబ్బై ఏళ్ల ఆమె, వాచిన మోకాలితో, ఆ వాలులో, ఒక్క అంగుళం పక్కకు పోనివ్వలేదు. నేను కింద రాళ్లు పరిచి మట్టం చూశాను. మట్టానికి ఒక సన్నటి ట్యూబులో నీళ్లు పోసి రెండు కొసలూ పట్టుకోవడం ట్రెవర్‌కి కొత్త.

"దీనికి లేజర్ ఉంటుంది తెలుసా?" అన్నాడు.

"లేజర్‌కి బ్యాటరీ అయిపోతుంది సార్. నీళ్లకు అవ్వదు."

ఆయన పక్కకు తిరిగి నవ్వుకోవడం చూశాను.

అసలు గొడవ ట్యాంకుకు బెజ్జాలు పెట్టేటప్పుడు వచ్చింది. నేను మూడు బెజ్జాలు సుద్దముక్కతో గీశాను. అన్నిటికంటే అడుగున ఒకటి. దానికి జానెడు పైన ఒకటి. ఇంకా పైన, ట్యాంకు సగం ఎత్తులో ఒకటి.

"ఒకటి చాలదా?" అన్నాడు ట్రెవర్.

"అడుగుది ఐరిస్‌కి. ఆమె షెడ్డులో పడున్న నీలం పైపు చుట్టలు తెచ్చి పొలానికి అడ్డంగా నేరుగా వేద్దాం, మిట్ట ఎక్కకుండా. మధ్యది పాత లైను, నాలుగిళ్లకు. పైది మా ఇంటికి."

ఆయన సుద్ద గీతలకేసి చూశాడు. "నీళ్లు తగ్గితే ముందు ఆగిపోయేది మీ ఇంటికే కదా?"

"అవును."

"ఊటకు అందరికంటే దగ్గర మీరే. అలా ఎందుకు?"

మా ఊళ్లో చివరి వీధి వాల్వు ముందు తిప్పాలి. అది కట్టేశాకే నడిమి వీధులు. నీళ్లు వదిలేవాడి కొళాయి అందరి తర్వాత నిండాలి. కాగితం మీద రాసింది కాదు, నాకు పని నేర్పినాయన చెప్పిన మాట కూడా కాదు. అలా చెయ్యనివాణ్ని జనం రెండోరోజే దించేస్తారు. ఇదంతా నా ఇంగ్లీషులో చెప్పేసరికి చెమటలు పట్టాయి. ట్రెవర్ నా చేతిలో సుద్దముక్క తీసుకుని, నేను గీసిన మూడు గుండ్రాలూ చెరిగిపోకుండా గట్టిగా దిద్దాడు.

మూడు బెజ్జాలూ పడ్డాయి. కౌన్సిల్ నుంచి ఒకమ్మాయి వచ్చి సీసాల్లో నీళ్లు పరీక్షకు పట్టుకెళ్లింది. రిపోర్టు వచ్చేదాకా అందరూ కాచుకుని తాగాలని ట్రెవర్ ఇంటింటికీ చీటీ పంచాడు. ఐదో రోజున రిపోర్టు వచ్చింది. నీళ్లు మంచివే. అప్పటికే ట్యాంకు నీళ్లతో ఐరిస్ పొద్దుటి పాలు ఆరు రోజులు వరుసగా ఆగకుండా అయ్యాయి.

మీటింగ్ ప్రెస్బిటీరియన్ చర్చి హాల్లో. సుగుణ డ్యూటీ రోటా మార్పించుకుని నా పక్కన కూర్చుంది. ఇంగ్లీషు తడబడితే అందుకుంటుందనుకున్నాను. "నేను ఒక్క ముక్క అనువదించను. నువ్వే చెప్పు," అంది చెవిలో.

ఆరిళ్లవాళ్లూ వచ్చారు. ట్రెవర్ లేచి, ఊట నడపాలంటే ఆరు ఓట్లలో నాలుగు కావాలని, రాకపోతే మూసేస్తామని చెప్పాడు. తర్వాత నన్ను లేవమన్నాడు.

లేచాను. మోటారు సంగతి మొదట చెప్పాను. దాచకుండా చెప్పాను. మూడు వారాలు ఐరిస్ నీళ్లు పోయింది నా వల్లే అన్నాను. తర్వాత బకెట్, తొంభై సెకన్లు, పంతొమ్మిది వేలు, ట్యాంకు, మూడు బెజ్జాలు. ఊట ఉంచితే దాన్ని చూసుకునే పని నేను చేస్తానన్నాను.

మూడో ఇంటాయన చేతులు కట్టుకుని వింటున్నాడు. మెయిన్స్ కావాలని అందరికంటే గట్టిగా పట్టుబట్టింది ఆయనే.

"అంటే, మా నీళ్లు దొంగిలించినవాడే ఇప్పుడు మాకు కాపలాదారు అవుతానంటున్నాడు. అంతేనా?"

సుగుణ వేళ్లు నా కుర్చీ అంచు మీద బిగుసుకున్నాయి.

"పద్నాలుగేళ్లు నీళ్ల దొంగల్ని పట్టుకున్నాను సార్," అన్నాను. "అందులో ఒక్కడు కూడా తనంతట తను వచ్చి ఒప్పుకోలేదు. నేను వచ్చాను. ఇంక మిమ్మల్ని నమ్మమని అడగను. అందుకే మా పైపు అందరికంటే పైన పెట్టాను. నేను తప్పు చేస్తే ముందు ఎండేది నా ఇల్లు. రేపు వెళ్లి టేపు పెట్టి కొలుచుకోండి."

"కొలిచాను," అన్నాడాయన. "నిన్ననే వెళ్లి చూశాను. ఎందుకలా పెట్టావో అర్థం కాక అడిగాను." వెనకెవరో కిసుక్కుమన్నారు.

ట్రెవర్ ఓటు అడిగాడు. ఐరిస్ చెయ్యి లేచింది. ట్రెవర్ చెయ్యి లేచింది. ఐదో ఇంటి దంపతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, భార్య చెయ్యి ఎత్తింది. మూడు. మూడో ఇంటాయన చేతులు కట్టుకునే ఉన్నాడు, నాలుగో ఇల్లూ అంతే. అందరూ నాకేసి తిరిగారు.

"నా ఓటు కాదు," అన్నాను. "ఇంటి ఓనరు మూసేయమని చెప్పి పంపాడు."

ట్రెవర్ పాత అట్ట ఫైలు తెరిచాడు. ఊట కట్టినప్పుడు ఆరిళ్ల పెద్దలు చేత్తో రాసుకున్న కాగితం. కళ్లజోడు సర్దుకుని చదివాడు. ఓటు భూమి ఉన్నవాడిది కాదు, ఆ ఇంట్లో నిద్రపోయి ఆ నీళ్లు తాగేవాడిది. అప్పట్లో ఇక్కడ కూడా దూరాన ఉండే భూస్వాములతో పడి ఉంటారు కాబోలు, గట్టిగా రాసుకున్నారు.

"అంటే ఓటు మీది, మిస్టర్ రాజు," అన్నాడు ట్రెవర్. "రావ్ గారి అభిప్రాయం ఆయన ఉత్తరంగా పంపుకోవచ్చు."

నేను సుగుణకేసి చూడలేదు. చూస్తే కళ్లు తడుస్తాయి. చెయ్యి పైకెత్తి, ట్రెవర్ లెక్కబెట్టి, ఊట ఉంటుంది, చూసుకునేది రాజు అని రాసుకునేదాకా అలాగే ఉంచాను.

మర్నాడు సాయంత్రం ఐరిస్, నేను అప్పటిదాకా గడ్డి మీదే పరిచి ఉంచిన నీలం పైపు భూమిలోకి దించుతున్నాం. ఆమె ట్రాక్టర్‌తో నేల చీలుస్తుంటే వెనకే నేను పైపు జారవిడుస్తున్నాను. జేబులో ఫోన్ మోగింది.

"ఏమయ్యా రాజూ! నా ఇంటి ఓటు నువ్వెట్ల ఏస్తవ్?"

"ఆ ఇంట్లో పడుకునేది మేము సార్. కాగితంలో అట్లా రాసుంది. ట్రెవర్ గారు మీకు కాపీ పంపుతారు."

"నేనేం చెప్పిన, నువ్వేం చేసినవ్! ఖాళీ చెయ్యమంటె ఏం చేస్తవ్?"

"అగ్రిమెంట్ మార్చిదాకా ఉంది. అప్పుడు చెయ్యమంటే చేస్తాం. ఊట మాత్రం ఆగదు సార్. తర్వాత ఎవరొచ్చినా మీ ఇంటికి నీళ్లొస్తాయి. పూచీ నాది."

"నువ్వు అక్కడ అసలు ఏం చేస్తున్నవయ్యా?" అన్నాడు చివరికి, గొంతు కాస్త తగ్గించి. "పుట్టగొడుగుల ఫారం అన్నవ్ గద?"

"పగలు అదే సార్. వాటర్ గ్రూప్‌కి పంపు ఆపరేటర్‌ని. నిన్న రాత్రి ఎన్నుకున్నారు."

ముందు ట్రాక్టర్ ఆగింది. ఐరిస్ సీట్లోంచి వెనక్కి తిరిగి, "రాజ్! కబుర్లాపి పైపు పట్టుకో! వంకర పోతోంది!" అని అరిచింది. నిజంగానే వంకర పోతోంది. ఫోన్ జేబులో పడేసి పరిగెత్తాను.